18 మీటర్ల గోడౌన్ ట్రస్‌ను స్టాడ్ ప్రోలో మోడల్ చేయడం ఎలా?

కట్టడాల బలాన్ని లెక్కించే సాఫ్ట్‌వేర్ స్టాడ్ ప్రోలో ట్రస్ (కప్పును మోసే త్రికోణాల ఇనుప చట్రం) గీయడం గంట పని. గీసిన ట్రస్ రేపు సైట్‌లో నిలబడే ట్రస్‌లాగే నడుచుకునేలా చూడటం మాత్రం అంత తేలిక కాదు. రెండు నోడ్ల (మెంబర్లు అనే కడ్డీలు కలిసే బిందువుల) మధ్య గీత ఎంత పొడవుందో సాఫ్ట్‌వేర్‌కు తెలుసు. ఆ నోడ్ పక్కకు జరగకుండా ఏది పట్టుకుందో, కింద స్తంభం నిజంగా ఎంత కదులుతుందో దానికి తెలియదు. మీరు చెబితేనే తెలుస్తుంది. చెప్పకపోతే తనకు తోచినట్టు అనుకుని, పచ్చరంగులో "పాస్" చూపిస్తుంది. అందుకే ఇక్కడ గీతల మీద కొద్దిసేపే ఆగి, సపోర్టులు, గాలి, పక్క పట్టు అనే మూడింటి మీద ఎక్కువసేపు ఆగుదాం.

ముందు కాగితం మీద

హైదరాబాద్ శివార్లలో ఒక గోడౌన్ తీసుకుందాం. స్పాన్ 18 మీటర్లు. ట్రస్‌కూ ట్రస్‌కూ మధ్య 6 మీటర్లు. చూరు ఎత్తు 6 మీటర్లు, కొప్పు దగ్గర ట్రస్ లోతు 3 మీటర్లు. అంటే వాలు 3కి 1, కోణం 18.43 డిగ్రీలు. పైన ఇనుప రేకులు, కింద సీలింగ్ లేదు.

స్పాన్‌ను 12 ప్యానెళ్లుగా విడగొట్టండి. ఒక్కో ప్యానెల్ అడ్డంగా 1.5 మీటర్లు, వాలు వెంట 1.581 మీటర్లు. పర్లిన్ల (రేకులను మోసే అడ్డ కడ్డీల) దూరం కూడా సరిగ్గా ఇదే ఉండాలి. ప్రతి పర్లిన్ ఒక నోడ్ మీదే కూర్చోవాలి. రేకుల కంపెనీ 1.4 మీటర్లకు మించొద్దని చెబితే పర్లిన్‌ను నోడ్ మధ్యకు జరపకండి, ప్యానెల్ సంఖ్య మార్చండి. నోడ్ల మధ్యలో పర్లిన్ కూర్చుంటే టాప్ కార్డ్ (పై వాలు మెంబర్) వంగుతుంది. ఆ వంపును లెక్కలోకి తీసుకోవాలంటే మోడల్ కట్టే తీరే మారిపోతుంది. దాని సంగతి కింద వస్తుంది.

డయాగొనల్స్ (ఏటవాలు మెంబర్లు) ఏ వైపు వాలాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. కింది నోడ్ నుంచి కొప్పు వైపు ఎక్కేలా పెడితే మామూలు బరువుకు డయాగొనల్స్ లాగుడులో, నిలువు మెంబర్లు నొక్కుడులో ఉంటాయి. ఇదే ప్రాట్ పద్ధతి. పొట్టిగా ఉండే నిలువులు నొక్కుడు మోస్తాయి, పొడవైన ఏటవాలు మెంబర్లు లాగుడు మోస్తాయి కాబట్టి ఇనుము ఆదా. తిరగేసి పెడితే హోవ్ ట్రస్ అవుతుంది, పొడవైన మెంబర్లే నొక్కుడులో పడతాయి.

నోడ్లు, మెంబర్లు

ఇన్‌పుట్ ఫైలు మొదటి వరుసలో "స్టాడ్ ప్లేన్" అని ఉండేలా చూడండి. యూనిట్లు మీటరు, కిలోన్యూటన్. ఇకపై కిలోన్యూటన్‌ను కి.న్యూ. అని రాస్తాను.

కింది వరుసలో 1 నుంచి 13 దాకా నోడ్లు: వై విలువ 0, ఎక్స్ విలువ 0, 1.5, 3.0 అలా 18 దాకా. పై వరుసలో 14 నుంచి 24 దాకా: నోడ్ 14 (1.5, 0.5), 15 (3.0, 1.0), 16 (4.5, 1.5), 17 (6.0, 2.0), 18 (7.5, 2.5), కొప్పు 19 (9.0, 3.0). అక్కడి నుంచి 24 దాకా అదే వరుసలో దిగిరండి. రెండు చివర్లలో పై వరుస, కింది వరుస ఒకే నోడ్‌లో కలుస్తాయి కాబట్టి అక్కడ విడిగా పై నోడ్ ఉండదు.

మెంబర్లకు వరుస నంబర్లు ఇవ్వండి. బాటమ్ కార్డ్ 1 నుంచి 12, టాప్ కార్డ్ 13 నుంచి 24, నిలువులు 25 నుంచి 35, డయాగొనల్స్ 36 నుంచి 45. ఎడమ డయాగొనల్స్ 2–15, 3–16, 4–17, 5–18, 6–19 నోడ్ల మధ్య. కుడివి 12–23, 11–22, 10–21, 9–20, 8–19 మధ్య. ఇలా గుంపులుగా ఉంటే తర్వాత సెక్షన్ మార్చాలన్నా, పారామీటర్ ఇవ్వాలన్నా "1 టు 12" అని ఒక్క మాటతో అయిపోతుంది. స్ట్రక్చర్ విజార్డ్‌లో ట్రస్ మోడల్స్ సిద్ధంగా ఉన్నాయి. తొందరగా పని జరుగుతుంది, కానీ నంబర్లు మీ చేతిలో ఉండవు. 24 నోడ్లే కాబట్టి చేత్తో టైప్ చేయడమే మేలు.

ఇక్కడ ఒక లెక్క తప్పకుండా చూడండి. మెంబర్లు 45, రియాక్షన్లు (సపోర్టులు తిరిగి ఇచ్చే బలాలు) 3, మొత్తం 48. నోడ్లు 24, రెండింతలు 48. రెండూ సమానం, అంటే ట్రస్ నిలబడటానికి కావలసినన్ని మెంబర్లు ఉన్నాయి, అదనపు మెంబర్ లేదు. మీకు 44 వచ్చిందంటే ఎక్కడో డయాగొనల్ మరచిపోయారు. 46 వచ్చిందంటే ఒక మెంబర్ మీద ఇంకో మెంబర్ పడి ఉండొచ్చు. డూప్లికేట్ నోడ్లు, డూప్లికేట్ మెంబర్లు, విడిపోయిన నోడ్ల కోసం ఉన్న మూడు చెక్‌లూ ఇప్పుడే నడపండి. కాపీ, మిర్రర్ వాడినప్పుడు ఒకే చోట రెండు నోడ్లు పడటం మామూలే. కంటికి కలిసినట్టే కనిపిస్తాయి, లెక్కలో విడిగానే ఉంటాయి.

సెక్షన్లు ఇవ్వడం

మొదటి అంచనాగా రెండు కార్డ్‌లకూ వీపు వీపు కలిపిన రెండు 65×65×6 యాంగిల్స్, మధ్యలో 8 మిల్లీమీటర్ల గసెట్ ప్లేట్ (మెంబర్లను కలిపే పలక). ఇండియన్ టేబుల్‌లో ఎల్‌డి రకం ఎంచుకుని, రెండింటి మధ్య ఖాళీని ఎస్‌పి దగ్గర ఇవ్వాలి. అక్కడ జాగ్రత్త. యూనిట్ మీటరులో ఉన్నప్పుడు 0.008 అని రాయాలి. 8 అని కొడితే రెండు యాంగిల్స్ మధ్య 8 మీటర్ల ఖాళీ ఉన్నట్టు సాఫ్ట్‌వేర్ లెక్కేస్తుంది. ఎర్రర్ రాదు. పైగా అడ్డ దిశలో సెక్షన్ కొండంత బలంగా కనిపించి, స్లెండర్‌నెస్ (సన్నదనం) చెక్ ఎప్పుడూ పాస్ అవుతుంది. సెక్షన్ ఇచ్చాక 3డి రెండరింగ్‌లో ఒకసారి దగ్గరగా చూస్తే ఈ తప్పు వెంటనే దొరికిపోతుంది.

లోపలి మెంబర్లకు ఒక్కో 50×50×6 యాంగిల్ చాలనిపిస్తుంది. దాని కనీస గైరేషన్ వ్యాసార్థం 9.6 మిల్లీమీటర్లే. పొడవును ఈ వ్యాసార్థంతో భాగిస్తే వచ్చేదే స్లెండర్‌నెస్. నొక్కుడు మెంబర్‌కు ఉక్కు డిజైన్ కోడ్ ఐఎస్ 800:2007 దానికి పెట్టిన హద్దు 180. కాబట్టి అది 1.73 మీటర్ల దాకే పనికొస్తుంది. 2 మీటర్ల నిలువుకు 65×65×6, 2.5 మీటర్ల నిలువుకు 75×75×6 పెట్టండి. కొప్పు దగ్గరి డయాగొనల్ పొడవు 3.354 మీటర్లు. మామూలుగా అది లాగుడులో ఉన్నా, గాలి పైకి లేపినప్పుడు నొక్కుడులోకి మారుతుంది. గాలి వల్ల మాత్రమే నొక్కుడు వచ్చే మెంబర్‌కు హద్దు 250. ఒక్క 50×50×6తో స్లెండర్‌నెస్ 349 అవుతుంది. అక్కడ రెండు 65×65×6 యాంగిల్స్‌తో మొదలుపెట్టండి.

ట్రస్ మెంబరా, బీమ్ మెంబరా?

మెంబర్ ట్రస్ అని ప్రకటిస్తే ఆ మెంబర్‌లో పొడవు వెంట వచ్చే బలం తప్ప ఇంకేదీ ఉండదు. పర్లిన్లన్నీ నోడ్ల మీదే ఉన్నప్పుడు 45 మెంబర్లనూ అలా ప్రకటించవచ్చు. లెక్క శుభ్రంగా ఉంటుంది, చేత్తో సరిచూసుకోవచ్చు.

పర్లిన్ నోడ్ తప్పితే మాత్రం కార్డ్‌లను బీమ్‌లుగానే వదిలి, నిలువులు, డయాగొనల్స్ మాత్రమే మెంబర్ ట్రస్ చేయండి. నిజానికి కార్డ్ యాంగిల్ నోడ్ దగ్గర తెగదు, ఒకే కడ్డీగా సాగుతుంది. కాబట్టి ఇది వాస్తవానికి దగ్గర కూడా. టాప్ కార్డ్‌ను ట్రస్ మెంబర్‌గా ప్రకటించి దాని మధ్యలో బరువు పెడితే, సాఫ్ట్‌వేర్ ఆ బరువును రెండు చివరి నోడ్లకు పంచేస్తుంది. వంపు మాత్రం ఎక్కడా కనిపించదు. కడ్డీ సైట్‌లో వంగుతుంది, రిపోర్టులో వంగదు.

సపోర్టులు

నోడ్ 1 దగ్గర పిన్ (ఎటూ జరగనివ్వదు), నోడ్ 13 దగ్గర రోలర్ (అడ్డంగా జరగనిస్తుంది). అంటే నోడ్ 13కు "ఫిక్స్‌డ్ బట్" ఎంచుకుని ఎఫ్ఎక్స్ (అడ్డ దిశ), ఎంజెడ్ (తిరుగుడు) వదిలేయాలి. "రెండు చివరలూ బోల్టులు వేసి బిగిస్తున్నాం కదా, రెండూ పిన్ ఎందుకు పెట్టకూడదు?" అని చాలామంది అడుగుతారు. పెడితే ఏమవుతుందో అంకెల్లో చూడండి.

కింద లెక్కించబోయే లైవ్ లోడ్‌కు (కప్పు మీద తాత్కాలికంగా పడే బరువు, నోడ్‌కు 3.6 కి.న్యూ.) ఒక చివర రోలర్ ఉన్నప్పుడు బాటమ్ కార్డ్‌లో చివరి ప్యానెల్‌లో 59.4 కి.న్యూ. లాగుడు, మధ్య ప్యానెల్‌లో 32.4 కి.న్యూ. లాగుడు వస్తుంది. కార్డ్ అంతా ఒకే సెక్షన్ అనుకుని అదే ట్రస్‌కు రెండు వైపులా పిన్ పెట్టండి. చివరి ప్యానెల్‌లో లాగుడు 13.5కు పడిపోతుంది. మధ్య ప్యానెల్‌లో లాగుడు పోయి 13.5 నొక్కుడు వస్తుంది. మిగతా 45.9 కి.న్యూ. ఒక్కో సపోర్టు దగ్గర అడ్డంగా తేలుతుంది. అంటే స్తంభాలు రెండూ లోపలికి తోస్తూ ట్రస్‌ను కమానులా నిలబెడుతున్నాయని మీరు చెప్పినట్టు. 6 మీటర్ల ఎత్తున్న స్తంభం తలకు అంత బిగువు ఉండదు. కొన్ని మిల్లీమీటర్లు జరిగితే చాలు, ఆ బలమంతా మళ్లీ బాటమ్ కార్డ్ మీదికే వస్తుంది. అప్పటికి దాన్ని 13.5కు తగ్గట్టు సన్నగా డిజైన్ చేసి ఉంటారు.

ట్రస్‌నూ స్తంభాలనూ కలిపి ఒకే ఫ్రేమ్‌గా మోడల్ చేస్తే ఈ చిక్కు లేదు. స్తంభం ఎంత బిగువుగా ఉందో ఆ మోడల్‌లోనే తేలుతుంది. విడిగా ట్రస్ ఒక్కటే చేసేటప్పుడు మాత్రం రోలర్ తప్పదు.

డెడ్, లైవ్

డెడ్ లోడ్ అంటే శాశ్వత బరువు. రేకులు, పర్లిన్లు, బోల్టులు, బ్రేసింగ్ అన్నీ కలిపి వాలు మీద చదరపు మీటరుకు 0.15 కి.న్యూ. తీసుకోండి. ఒక నోడ్‌కు వచ్చే వాలు విస్తీర్ణం 1.581 × 6 = 9.49 చదరపు మీటర్లు. కాబట్టి నోడ్‌కు 1.42 కి.న్యూ., చివరి నోడ్లకు సగం. ట్రస్ సొంత బరువుకు సెల్ఫ్‌వెయిట్ కమాండ్ వై దిశలో మైనస్ 1.15. ఆ పదిహేను శాతం గసెట్ ప్లేట్లకు, వెల్డింగ్‌కు. పైన సోలార్ ప్యానెళ్లు పెట్టే ఆలోచన యజమానికి ఉందేమో ఇప్పుడే అడిగి కలపండి. షెడ్ లేచాక ట్రస్‌కు బలం చేర్చడం చాలా ఖర్చు.

లైవ్ లోడ్ బరువుల కోడ్ ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం. పది డిగ్రీలు దాటిన వాలుకు 0.75 నుంచి ప్రతి డిగ్రీకి 0.02 తగ్గించాలి: 0.75 − 0.02 × 8.43 = 0.58. ఇది పర్లిన్లకు. ట్రస్‌కు అందులో మూడింట రెండు వంతులు, అంటే 0.39. కనీసం 0.4 ఉంచుదాం. లైవ్ లోడ్‌ను అడ్డ కొలత మీద లెక్కించాలి, వాలు మీద కాదు. నోడ్‌కు 1.5 × 6 × 0.4 = 3.6 కి.న్యూ., చివర్లలో 1.8.

గాలి: రేకుల షెడ్‌కు అసలు బరువు ఇదే

ఐఎస్ 875 మూడో భాగం, 2015 ప్రతి తీసుకోండి. హైదరాబాద్‌కు మూల వేగం సెకనుకు 44 మీటర్లు. బయలు ప్రదేశం, 10 మీటర్లలోపు ఎత్తు, చదును నేల కాబట్టి మూల వేగాన్ని సవరించే కె1 (ముప్పు), కె2 (ఎత్తు, పరిసరాలు), కె3 (నేల తీరు), కె4 (తుపాను) గుణకాలన్నీ 1. పీడనం చదరపు మీటరుకు 0.6 × 44 × 44 = 1162 న్యూటన్లు, అంటే 1.16 కి.న్యూ. దిశకు 0.9, విస్తీర్ణానికి 0.8, కలయికకు 0.9 గుణిస్తే 0.648 వస్తుంది. అయితే 0.7 కంటే తగ్గకూడదని కోడ్ చెబుతోంది. కాబట్టి డిజైన్ పీడనం 0.813 కి.న్యూ.

ఇప్పుడు కప్పు మీద పీడన గుణకాలు. ఎత్తు, వెడల్పుల నిష్పత్తి మూడో వంతు. గాలి కొప్పు వెంట వీచినప్పుడు 18.43 డిగ్రీల కప్పు మీద బయటి గుణకం మైనస్ 0.72. గోడౌన్‌కు పెద్ద షట్టర్లు ఉంటాయి కాబట్టి లోపలి గుణకం ప్లస్ మైనస్ 0.5 తీసుకోవాలి. గోడలు మూసే ఉన్నాయని 0.2తో సరిపెట్టడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. గాలివాన మధ్యలో షట్టర్ తెరిచి ఉంటే గాలి లోపల దూరి కప్పును కింద నుంచి ఎత్తుతుంది. రెండూ కలిస్తే 1.22 × 0.813, అంటే చదరపు మీటరుకు 0.99 కి.న్యూ. పైకి లాగుడు.

ఇది వాలుకు లంబంగా పనిచేస్తుంది. ఒక్కో లోపలి నోడ్‌కు 9.38 కి.న్యూ. దాన్ని విడగొడితే పైకి 8.9, అడ్డంగా 2.97. ఎడమ వాలు మీద అడ్డ బలం ఎడమవైపుకు, కుడి వాలు మీద కుడివైపుకు. కొప్పు నోడ్ దగ్గర అడ్డ బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, నిలువుది మాత్రం 8.9 ఉంటుంది. చివర్లలో సగం. గాలి అడ్డంగా వీచే సందర్భానికి బయటి గుణకాలు గాలి వైపు మైనస్ 0.53, వెనుక వైపు మైనస్ 0.4. దానికి విడిగా ఇంకో లోడ్ కేస్ రాయండి. లోపలి పీడనం గుర్తు మార్చి ఇంకొకటి.

అదే గోడౌన్‌ను విశాఖపట్నంలో కడితే? మూల వేగం 50. తీరం నుంచి 60 కిలోమీటర్లలోపు తుపాను ప్రాంతం కాబట్టి పారిశ్రామిక కట్టడాలకు కె4 విలువ 1.15, దిశ గుణకం 0.9 బదులు 1. డిజైన్ పీడనం 1.43 కి.న్యూ. అవుతుంది. హైదరాబాద్‌లో సరిపోయిన డ్రాయింగ్‌ను తీరానికి తీసుకెళ్తే గాలి బలం 1.76 రెట్లు ఉంటుందన్నమాట. కాపీ కొట్టి పంపే పని కాదిది.

కాంబినేషన్లలో తప్పనిసరిగా ఉండాల్సినవి: 1.5 డెడ్ + 1.5 లైవ్, 1.5 డెడ్ + 1.5 గాలి, 0.9 డెడ్ + 1.5 గాలి, డెడ్, లైవ్, గాలి మూడూ కలిసినవి 1.2 గుణకంతో. మూడోది మరచిపోతే ఈ మోడల్ మొత్తం వృథా. కప్పు లేచిపోయే పరిస్థితిలో సొంత బరువు మనకు సాయం. ఆ సాయాన్ని 0.9కి మించి లెక్కించకూడదు.

నడిపాక మొదట ఏం చూడాలి

అనాలసిస్ కమాండ్‌తో పాటు స్టాటిక్స్ చెక్ ప్రింట్ చేయించండి. డిజైన్ ఫలితాల కంటే ముందు అవుట్‌పుట్ ఫైలు తెరిచి మూడు సంగతులు చూడండి.

ఒకటి, లైవ్ లోడ్ మొత్తం 0.4 × 18 × 6 = 43.2 కి.న్యూ. రావాలి. ఒక్కో సపోర్టుకు 21.6. రాకపోతే ఎక్కడో ఒక నోడ్ లోడ్ పడలేదు.

రెండు, బాటమ్ కార్డ్ బలాలు. లైవ్ లోడ్‌కు చివరి నుంచి మధ్యకు 59.4, 54.0, 48.6, 43.2, 37.8, 32.4 అని ఒక్కో ప్యానెల్‌కు 5.4 చొప్పున తగ్గుతూ రావాలి. చాలామంది మధ్యలో ఎక్కువ ఉంటుందనుకుంటారు. సమాంతర కార్డ్‌లున్న ట్రస్‌లో అది నిజం. త్రికోణ ట్రస్‌లో చివర లోతు తక్కువ కాబట్టి అక్కడే ఎక్కువ. టాప్ కార్డ్ మొదటి రెండు ప్యానెళ్లలో 62.6 నొక్కుడు ఉండాలి.

మూడు, మధ్య నిలువు 7–19. కప్పు బరువుకు అందులో బలం సున్నా రావాలి, ఎందుకంటే నోడ్ 7 దగ్గర ఏ డయాగొనల్ కలవదు. సున్నా వచ్చిందని దాన్ని తీసేయకండి. బాటమ్ కార్డ్ మధ్యలో జారకుండా అదే ఆపుతుంది. తీసేస్తే నోడ్ 7 నిలువుగా ఏ ఆసరా లేకుండా మిగులుతుంది.

వార్నింగుల సంగతి. "ఇన్‌స్టెబిలిటీ ఎట్ జాయింట్" అని వచ్చి, పక్కనే "యాడింగ్ వీక్ స్ప్రింగ్" అని కనిపిస్తే అక్కడ ఆగిపోవాలి. స్టాడ్ ఆ నోడ్‌కు తనంతట తాను బలహీనమైన స్ప్రింగ్ తగిలించి లెక్క ముగించింది. ఫలితాలు వస్తాయి, రంగుల బొమ్మలు వస్తాయి, కానీ ఆ ట్రస్ నిలబడేది కాదు. అన్నీ ట్రస్ మెంబర్లే ఉన్న నోడ్ దగ్గర తిరుగుడు దిశలో, అంటే ఎంజెడ్‌లో, బిగువు లేదని వస్తే భయం లేదు. ఎఫ్ఎక్స్, ఎఫ్‌వై దిశల్లో వస్తే మెంబర్ తప్పిపోయిందో, సపోర్టు తప్పిందో వెతకండి.

పక్క పట్టు: డిజైన్ పారామీటర్లు

ఇక అసలు విషయం. గాలి కేస్‌లో బాటమ్ కార్డ్ చివరి ప్యానెల్‌లో దాదాపు 145 కి.న్యూ. నొక్కుడు వస్తుంది. డెడ్ లోడ్ వల్ల ఉండే లాగుడు 34 చుట్టూ. 0.9 డెడ్ + 1.5 గాలి కలిపితే నికరంగా 187 కి.న్యూ. నొక్కుడు. 1.5 డెడ్ + 1.5 లైవ్ ఇచ్చే లాగుడు 140 మాత్రమే. అంటే "కింది కార్డ్ ఎప్పుడూ లాగుడులోనే ఉంటుంది" అన్న మాట రేకుల షెడ్‌కు చెల్లదు. దాన్ని నొక్కుడు మెంబర్‌గానే డిజైన్ చేయాలి.

నొక్కుడు మెంబర్ అన్నాక ఎంత పొడవు పట్టు లేకుండా ఉందన్నదే ప్రశ్న. మీరు పారామీటర్ ఏమీ ఇవ్వకపోతే స్టాడ్ మెంబర్ పొడవు 1.5 మీటర్లనే రెండు దిశల్లోనూ వాడుతుంది. ట్రస్ తలంలో అది నిజమే, ప్రతి నోడ్ దగ్గర లోపలి మెంబర్ పట్టుకుంటుంది. పక్క దిశలో నిజం కాదు. నిలువులూ డయాగొనల్సూ ట్రస్ తలంలోనే ఉన్నాయి, అవి కార్డ్‌ను పక్కకు పోకుండా ఆపలేవు. ఆపేది ట్రస్ నుంచి ట్రస్‌కు వేసే రన్నర్ మాత్రమే.

రెండు 65×65×6 యాంగిల్స్‌తో తేడా చూడండి. విస్తీర్ణం 1488 చదరపు మిల్లీమీటర్లు, తలంలో గైరేషన్ వ్యాసార్థం 19.8, పక్కకు 29.7. స్టాడ్ తనంతట తాను తీసుకునే 1.5 మీటర్లతో స్లెండర్‌నెస్ 76, సామర్థ్యం 212 కి.న్యూ. అవసరం 187. రేషియో 0.88, పాస్. సైట్‌లో రన్నర్లు 6 మీటర్లకొకటి ఉన్నాయనుకోండి. పక్క దిశలో స్లెండర్‌నెస్ 202, సామర్థ్యం 53 కి.న్యూ. అవసరంలో మూడో వంతు కూడా లేదు. రిపోర్టు మాత్రం పచ్చగా ఉంది.

రన్నర్లను 3 మీటర్లకు తెచ్చినా 65×65×6 సామర్థ్యం 157 దగ్గరే ఆగుతుంది. 75×75×6కు మారితే 212 వస్తుంది, సరిపోతుంది. మీటరుకు రెండు కిలోలు పెరుగుతుంది, ట్రస్‌కు 36 కిలోలు. అందుకని ఈ గోడౌన్‌కు బాటమ్ కార్డ్ రెండు 75×75×6, రన్నర్లు 3, 5, 7, 9, 11 నోడ్ల దగ్గర.

దీన్ని సాఫ్ట్‌వేర్‌కు చెప్పే పద్ధతి: కోడ్ ఐఎస్ 800 ఎల్ఎస్‌డి. ఎఫ్‌వైఎల్‌డి (ఉక్కు సాగడం మొదలయ్యే బలం) 250, ఎఫ్‌యు (తెగే బలం) 410 మెగాపాస్కల్. యూనిట్ ఏముందో చూసి అంకె మార్చి రాయండి. మెంబర్ 1 నుంచి 12కు ఎల్‌వై (పక్క దిశలో పట్టు లేని పొడవు) 3, ఎల్‌జెడ్ (ట్రస్ తలంలో పట్టు లేని పొడవు) 1.5. టాప్ కార్డ్ 13 నుంచి 24కు రెండూ 1.581, పర్లిన్ ప్రతి నోడ్ దగ్గరా క్లీట్‌తో బిగిస్తేనే. తలంలో ప్రభావ పొడవును కోడ్ 0.7 నుంచి 1 దాకా ఒప్పుకుంటుంది; చివరి వెల్డ్ ఎలా ఉంటుందో తెలియనప్పుడు 1 దగ్గరే ఉండండి. మామూలుగా బీటా కోణం (సెక్షన్ తన పొడవు చుట్టూ తిరిగిన కోణం) 0 ఉన్నప్పుడు ఎల్‌వై పక్క దిశకు, ఎల్‌జెడ్ తలానికి వర్తిస్తాయి. నమ్మకం కోసం స్క్రీన్ మీద లోకల్ అక్షాలు ఆన్ చేసి, రెండరింగ్‌లో యాంగిల్స్ ఎలా నిలబడ్డాయో కళ్లారా చూసుకోండి. ఇవి తారుమారైతే పైన చెప్పిన తప్పు ఇంకో దారిలో మళ్లీ వచ్చేస్తుంది.

ఇంకొక మాట. ట్రస్ నుంచి ట్రస్‌కు రన్నర్లు వరుసగా వేసి, చివర్లో వాటిని దేనికీ కట్టకుండా వదిలేస్తే అవి పట్టు కావు. అన్ని ట్రస్‌లూ కలిసి ఒకేవైపు వంగుతాయి, రన్నర్ కూడా వాటితోపాటు జరుగుతుంది. ప్రతి రన్నర్ వరుసా క్రాస్ బ్రేసింగ్ ఉన్న బేకు (రెండు ట్రస్‌ల మధ్య భాగానికి) చేరాలి. చివరి బేలలో బాటమ్ కార్డ్ స్థాయిలోనూ, వాలు స్థాయిలోనూ బ్రేసింగ్ గీశాకే ఎల్‌వై దగ్గర 3 అని రాసే హక్కు మీకు వస్తుంది. పర్లిన్లకూ ఇదే నియమం.

మిగిలిన చెక్‌లు

డిఫ్లెక్షన్‌ను గుణకాలు లేని కాంబినేషన్‌లోనే చూడాలి. నోడ్ 7 కిందికి జరిగే దూరం స్పాన్‌లో 240వ వంతు, అంటే 75 మిల్లీమీటర్లు దాటకూడదు. 1.5 గుణకం ఉన్న కేస్‌లో చూసి ఫెయిల్ అయిందని సెక్షన్లు పెంచేవాళ్లు తక్కువేం కాదు.

సపోర్టు దగ్గర 0.9 డెడ్ + 1.5 గాలి కేస్‌లో రియాక్షన్ పైకి లాగుతూ ఉంటుంది, ఒక్కో స్తంభానికి దాదాపు 69 కి.న్యూ. అంటే ఏడు టన్నులు. ట్రస్‌ను స్తంభానికి పట్టే బోల్టులు, స్తంభాన్ని పునాదికి పట్టే బోల్టులు రెండూ ఈ లాగుడును మోయాలి. ఈ అంకెను పునాది డిజైన్ చేసేవారికి విడిగా రాసివ్వండి.

మూడు డైమెన్షన్ల మోడల్ కావాలంటే ఈ ట్రస్ అంతా సరిచూశాకే 6 మీటర్ల చొప్పున ట్రాన్స్‌లేషనల్ రిపీట్ చేయండి, మొదటి వరుసలో ప్లేన్ బదులు స్పేస్ పెట్టండి. రెండు చివరి ట్రస్‌లకు సగం విస్తీర్ణమే వస్తుంది. రన్నర్లు, బ్రేసింగ్ లేకుండా నడిపితే బాటమ్ కార్డ్ నోడ్లన్నిటికీ ఎఫ్‌జెడ్ దిశలో ఇన్‌స్టెబిలిటీ వార్నింగ్ వస్తుంది. దాన్ని ఆపడానికి ఆ నోడ్లకు ఉత్తుత్తి సపోర్టులు పెట్టకండి. సైట్‌లో అవి ఉండవు.

డ్రాయింగ్‌కు పంపేటప్పుడు గుర్తు చేయాల్సింది ఒకటుంది. మోడల్‌లో గీత అంటే యాంగిల్ గురుత్వ కేంద్రం వెంట పోయే గీత, యాంగిల్ వీపు కాదు. 75×75×6కు వీపు నుంచి ఆ గీత దూరం 20.6 మిల్లీమీటర్లు. గసెట్ మీద మూడు మెంబర్ల గీతలూ ఒకే బిందువులో కలవాలి. చూరు చివర కోణం 18 డిగ్రీలే కాబట్టి టాప్, బాటమ్ కార్డ్‌లు చాలా దూరం దాకా ఒకదానికొకటి అడ్డం వస్తాయి. వెల్డింగ్‌కు చోటు చాలక ఫ్యాబ్రికేటర్ కార్డ్‌ను వెనక్కి కోస్తాడు, బిందువు తప్పుతుంది. ఆ ఒక్క జాయింట్‌ను 1:5 స్కేలులో పూర్తిగా గీసి, గసెట్ కొలతలు, వెల్డ్ పొడవులు, సపోర్టు మధ్యరేఖ వేసి ఇవ్వండి. రన్నర్ల స్థానాలు, బ్రేసింగ్ బేలు కూడా అదే షీట్ మీద ప్లాన్‌లో చూపించండి. ఎల్‌వై దగ్గర మీరు రాసిన 3 మీటర్లు ఫ్యాబ్రికేటర్‌కు చేరే దారి ఆ ప్లాన్ ఒక్కటే.